రేకుకు, పైపుకు నడుమ ఒకటిన్నర అంగుళం
షెడ్లలో విద్యుత్ పైపుల అమరికపై శ్రద్ధ కరవు. పైకప్పు మరమ్మతు వేళ పొంచి ఉన్న ముప్పు

మైదుకూరు: ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలి వీచిన మరునాడు రేకులు బిగించే పనివారికి తీరిక ఉండదు. లేచిన రేకును సరిచేసి, వదులైన చోట నాలుగు స్క్రూలు అదనంగా బిగించి, సాయంత్రానికి కూలి తీసుకొని వెళ్లిపోతారు. పైకప్పు గట్టిపడిందని యజమాని నిశ్చింతగా ఉంటాడు. ఆ నాలుగింటిలో ఒక స్క్రూ, రేకుకు ఆనించి కట్టిన విద్యుత్ పైపును తొలుచుకొని లోపలి తీగను తాకినా ఆ రోజు ఏమీ జరగకపోవచ్చు. ఫ్యాను తిరుగుతుంది, దీపం వెలుగుతుంది. జూన్‌లో తొలివాన పడి గోడలు, నేల తడిసిన తరువాత, షెడ్డు స్తంభానికి కట్టిన ఇనుప దండెంపై తడిబట్టలు ఆరవేయబోయిన మనిషికి ఆ స్క్రూ సంగతి తెలుస్తుంది.

ఇందులో రేకుల పనివాడు తన పని సక్రమంగానే చేశాడు. ఎలక్ట్రీషియన్ కూడా తీగలు బాగానే లాగి ఉండవచ్చు. రేకుకు, పైపుకు నడుమ కొంత ఖాళీ విడిచిపెట్టాలన్న ఆలోచన మాత్రం ఇద్దరిలో ఎవరికీ రాలేదు. షెడ్డు కట్టిన నాడు ఖర్చు లేకుండా విడువదగిన ఆ ఖాళీని, తరువాత కల్పించాలంటే వైరింగు మొత్తం విప్పవలసి వస్తుంది.

కొట్టాల స్థానంలో షెడ్లు

ఒకప్పుడు ఈ ప్రాంతంలో ఇల్లంటే మట్టి మిద్దె, లేకుంటే బోద కొట్టం. మిద్దెకు దూలాలు, దంతెలు పరచి పైన చవుడు వేసేవారు. కొట్టానికి వాసాలు కట్టి బోద కప్పేవారు. ఈ రెండింటిలోనూ పైకప్పు పొడిగా ఉన్నంత కాలం విద్యుత్తు అంత సులువుగా పాకదు. దూలానికి చెక్కపట్టీ కొట్టి, దానిపై క్లిప్పులతో తీగ బిగించేవారు. తీగ ఎక్కడైనా చెడిపోతే ఆ చోటును ముట్టుకొన్నవారికే ప్రమాదం.

తరువాత సిమెంటు రేకులు వచ్చాయి. వాటిని కొక్కెం బోల్టులతో ఇనుప పైపులకు బిగించేవారు. ఆ తరువాత రంగు పూసిన ఉక్కు రేకుల కాలం మొదలైంది. కర్నూలు-కడప కాలువ కింద ఉల్లి, పసుపు పండించే రైతుల నిల్వ షెడ్లు, పశువుల కొట్టాలు, ప్రొద్దుటూరు దుకాణాల వెనుక గోదాములు, పులివెందుల వైపు అరటికాయల ప్యాకింగ్ షెడ్లు, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతంలో బండలు పాలిష్ చేసే యూనిట్లు, మేడ మీద వేసుకొనే ఎండ షెడ్లు అన్నింటికీ ఇప్పుడు ఇవే రేకులు. బండల యూనిట్లలో కోత యంత్రం కింద నీరు నిరంతరం పారుతూ ఉంటుంది కనుక అక్కడ తొలివాన కోసం ఎదురుచూడవలసిన అవసరం కూడా లేదు.

ఉక్కు రేకుల షెడ్డుకు ఒక ప్రత్యేకత ఉంది. రేకు, రేకును మోసే అడ్డ కమ్మీలు (వీటినే పనివారు పర్లిన్లు అంటారు), వాటి కింది ట్రస్సులు, స్తంభాలు అన్నీ ఒకదానికొకటి ఇనుముతో కలిసి ఉంటాయి. ఒక మూల తీగ తాకితే షెడ్డంతా విద్యుత్ ప్రవహించే వస్తువుగా మారిపోతుంది. ఎద్దును కట్టిన స్తంభం, తలుపు గడియ, దండెం, చివరకు గోడకు ఆనించిన ఇనుప నిచ్చెన కూడా అందులో భాగమే.

అమెరికా నిబంధన ఏమంటుంది?

ఈ చిన్న విషయాన్ని ప్రత్యేక నిబంధనగా రాసుకొన్న దేశం అమెరికా. అక్కడి జాతీయ విద్యుత్ నియమావళిలో 2008 ప్రతి నుంచి ఈ అంశం చేరింది. మడతల ఉక్కు రేకుల కింద వేసే కేబులు గానీ, కండ్యూట్ పైపు గానీ రేకుకు కనీసం 38 మిల్లీమీటర్లు, అనగా ఒకటిన్నర అంగుళం దూరంలో ఉండాలన్నది దాని సారాంశం. 2011 ప్రతిలో జంక్షన్ బాక్సులకు కూడా ఇదే వర్తింపజేశారు. ఈ దూరాన్ని రేకు మడత పైభాగం నుంచి కాక, రేకు అన్నింటికంటే కిందికి దిగిన చోటు నుంచి కొలవాలి. మడత లోపలి గాడిలో పైపును దాచివేయడం కూడా అక్కడ నిషిద్ధం.

నిబంధనకు వారు చెప్పిన కారణం మన పల్లెల్లో జరిగేదే. పైకప్పును కట్టిన తరువాత ఎప్పుడో ఒకప్పుడు మరమ్మతు చేస్తారు లేదా మారుస్తారు. అప్పుడు పైనుంచి దిగే స్క్రూ కింద ఏమున్నదో చూసుకోదు. మందపాటి ఉక్కు కండ్యూట్ పైపులకు మాత్రం ఈ దూరం నుంచి మినహాయింపు ఉంది. పలుచని ఇనుప పైపులకు, ప్లాస్టిక్ పైపులకు లేదు.

మన దేశంలో వైరింగుకు ప్రమాణం ఐఎస్ 732. 2019లో దీనిని సవరించారు. యాంత్రికమైన దెబ్బ తగలకుండా తీగలను అమర్చాలన్న సాధారణ సూత్రం అందులో ఉంది. రేకుల షెడ్డు విషయంలో ఆ సూత్రాన్ని అంగుళాల్లోకి మార్చుకోవలసింది పని చేసేవారే.

స్క్రూ ఎంత లోతుకు దిగుతుంది?

రేకులకు వాడే స్క్రూ మొన డ్రిల్లు మొన వలె ఉంటుంది. ముందుగా రంధ్రం వేయనవసరం లేదు. తల కింద రబ్బరు వాషరు ఉంటుంది. బ్యాటరీ డ్రిల్లుకు తగిలించి నొక్కితే రేకును, దాని కింది ఇనుప కమ్మీని కొన్ని క్షణాల్లో తొలుచుకొని పోతుంది. అటువంటి మొనకు ప్లాస్టిక్ పైపు ఒక అడ్డంకే కాదు. పైన ఉన్న పనివాని చేతికి తేడా కూడా తెలియదు.

బజారులో ఈ స్క్రూలు 25 మిల్లీమీటర్ల నుంచి 75 మిల్లీమీటర్ల వరకు దొరుకుతాయి. 50 మిల్లీమీటర్ల స్క్రూను రేకు మడత మీద, అనగా ఎత్తైన చోట బిగించారనుకొందాం. మడత ఎత్తు సుమారు 30 మిల్లీమీటర్లు అయితే రేకు అడుగు మట్టానికి కిందికి దిగేది 20 మిల్లీమీటర్లే. అదే స్క్రూను పల్లంలో బిగిస్తే దాదాపు పూర్తి పొడవు కిందికి దిగుతుంది. అప్పుడు 38 మిల్లీమీటర్ల ఖాళీ కూడా చాలదు. కాబట్టి ఒకటిన్నర అంగుళాన్ని కనీస దూరంగానే భావించాలి. తమ షెడ్డుకు వాడిన స్క్రూ ఒకటి చేతిలోకి తీసుకొని కొలిచి, దాని పొడవుకు అర అంగుళం కలుపుకొని అంత దూరం విడిచిపెట్టడం మేలు. రెండోసారి బిగించేటప్పుడు పాత రంధ్రం వదులైందని పనివారు మరింత పొడవైన స్క్రూ వాడటం పరిపాటి. ఆ సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

కమ్మీ కింది అంచే సరైన చోటు

పైపు ఎక్కడ కట్టకూడదో తెలిస్తే ఎక్కడ కట్టాలో తేలికగా తెలుస్తుంది. సి ఆకారపు పర్లిన్లు వాడిన షెడ్లలో ఎలక్ట్రీషియన్లు ఎక్కువగా ఇష్టపడే చోటు ఆ కమ్మీ లోపలి గాడి. పైపు అందులో ఒదిగిపోతుంది, కిందనుంచి చూస్తే కనిపించదు, పని చక్కగా ఉన్నదని యజమాని మెచ్చుకొంటాడు. నిజానికి షెడ్డులో ఇంతకంటే ప్రమాదకరమైన చోటు లేదు. స్క్రూలన్నీ దిగేది ఆ కమ్మీ పైరెక్కలోకే. పైరెక్కను దాటిన ప్రతి మొన ఆ గాడిలోనే తేలుతుంది. రేకుకు, కమ్మీకి మధ్య సందులో పైపును ఇరికించడం, రేకుకు రంధ్రం చేసి కట్టుతీగతో పైపును వేలాడదీయడం కూడా ఇటువంటివే.

చదరపు గొట్టాలను కమ్మీలుగా వాడిన చోట పని సులువు. గొట్టం లోతు 40 నుంచి 60 మిల్లీమీటర్లు ఉంటుంది. స్క్రూ పైగోడను తొలిచి గొట్టం బోలులోనే ఆగిపోతుంది. గొట్టం కింది అంచుకు క్లాంపులు వేసి పైపును బిగిస్తే, గొట్టమే రేకుకు, పైపుకు నడుమ అడ్డుగోడగా నిలుస్తుంది. పక్కగోడకు బిగించవలసి వస్తే పైసగంలో కాక కిందిసగంలో బిగించాలి. గురి తప్పిన స్క్రూ గొట్టం పక్కనుంచి దిగడం అరుదేమీ కాదు. కమ్మీలకు అడ్డంగా పోయే పైపును కూడా వాటి కిందినుంచే తీసుకుపోవాలి. అన్నింటికంటే మంచిది ప్రధాన పైపును గోడ వెంట లేదా ట్రస్సు కింది కమ్మీ వెంట నడిపి, దీపం, ఫ్యాను ఉన్న చోటికి మాత్రమే శాఖలు తీయడం. పైపు పొడవు కొంత పెరిగినా పైకప్పుతో దానికి సంబంధం తెగిపోతుంది.

జంక్షన్ బాక్సుల విషయంలో పొరపాట్లు ఇంకా ఎక్కువ. పైపును కిందికి దించినా బాక్సును మాత్రం రేకుకే ఆనించి బిగిస్తారు. తీగల అతుకులన్నీ ఉండేది బాక్సులోనే కనుక స్క్రూ దిగితే ఒకేసారి రెండు మూడు తీగలు దెబ్బతింటాయి. బాక్సును కమ్మీ పక్కనో, స్తంభం మీదనో అమర్చాలి. మూత కిందికి గానీ పక్కకు గానీ తెరుచుకోవాలి. పైపులు పక్కల నుంచి రావాలి. చలికాలం తెల్లవారుజామున రేకు అడుగున చెమర్చిన నీరు బొట్లుబొట్లుగా రాలుతుంది. పైనుంచి రంధ్రం ఉన్న బాక్సులోకి ఆ నీరు నేరుగా దిగుతుంది. వాడని రంధ్రాలను మూసివేయకుంటే బల్లులు, చీమలు కాపురం పెడతాయి. ఫ్యాను బరువును రేకు మీద గానీ బాక్సు మీద గానీ వేయక, ట్రస్సుకు కొక్కెం బిగించి దానికి తగిలించాలి.

ఎండ చేసే చేటు

ఖాళీ విడవడానికి స్క్రూ ఒక్కటే కారణం కాదు. కడప జిల్లాలో వేసవి పగటి ఉష్ణోగ్రత 42, 43 డిగ్రీలు దాటడం మామూలే. అటువంటి మధ్యాహ్నం ఉక్కు రేకు ముట్టుకొంటే చేయి కాలుతుంది. రేకుకు ఆనిన పైపులోని గాలి, తీగ కూడా అంతగా వేడెక్కుతాయి. ఇళ్లలో వాడే పీవీసీ తొడుగు తీగ 70 డిగ్రీల వరకే తట్టుకొనేలా తయారవుతుంది. పరిసరాల వేడి 30 డిగ్రీలు ఉన్నప్పుడు తీగ మోయగల విద్యుత్తును ఒక రూపాయిగా లెక్కిస్తే, 50 డిగ్రీల వద్ద అది 71 పైసలకు, 60 డిగ్రీల వద్ద 50 పైసలకు పడిపోతుంది. వేసవిలో మోటారు నడిచే షెడ్డులో తీగ తొడుగు పెళుసుబారి రాలిపోవడానికి ఇదే ప్రధాన కారణం.

పైపు కూడా వేడికి సాగుతుంది. మూడు మీటర్ల పీవీసీ పైపు 40 డిగ్రీల తేడాకు సుమారు 7 మిల్లీమీటర్లు పెరుగుతుంది, రాత్రికి మళ్లీ కుంచించుకుపోతుంది. క్లాంపులు దూరదూరంగా ఉంటే పైపు వంగి, అతుకుల వద్ద ఊడి, తీగలు బయటపడతాయి. రెండడుగులకు ఒక క్లాంపు చొప్పున వేసి, పైపు కాస్త జరిగే వీలు ఉంచాలి. రేకును వదిలి రెండంగుళాలు కిందికి దించినంత మాత్రాన షెడ్డు చల్లబడదు గానీ, రేకు కాక నేరుగా పైపునకు తగలదు.

ఎర్తింగు ఒక్కటే చాలదు

షెడ్డుకు ఎర్తు గుంత ఉంది కదా అన్న ధీమా చాలామందిలో కనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే అది అసంపూర్ణమని తేలుతుంది. మన నేలలో ఎండాకాలం ఎర్తు కడ్డీ నిరోధం 20 ఓములు ఉందనుకొందాం. 230 వోల్టుల తీగ షెడ్డును తాకితే ఎర్తు ద్వారా పారేది 11.5 ఆంపియర్లు మాత్రమే. 16 ఆంపియర్ల ఎంసీబీ దీనికి పడిపోదు. మీటరు తిరుగుతూనే ఉంటుంది, షెడ్డులో విద్యుత్తు అలాగే ఉంటుంది. అసలు ఎర్తింగే లేని షెడ్డులో, పొడి గోడల మీద నిలిచిన పైకప్పు నుంచి నేలలోకి విద్యుత్తు పారే దారి లేక, మనిషి ముట్టుకొనే దాకా ఏ గుర్తూ బయటపడదు. 40 వాట్ల బల్బు తీసుకొనే విద్యుత్తు సుమారు 170 మిల్లీ ఆంపియర్లు. మనిషి గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అవసరం లేదు.

ఈ లోటును పూరించేది ఆర్‌సీసీబీ. దుకాణాలలో పాత అలవాటు కొద్దీ దీనిని ఈఎల్‌సీబీ అని కూడా అడుగుతారు. వెళ్లిన విద్యుత్తుకు, తిరిగి వచ్చిన విద్యుత్తుకు తేడా వస్తే ఇది క్షణంలో సరఫరాను తెంచివేస్తుంది. ప్రాణరక్షణకు 30 మిల్లీ ఆంపియర్లు అని ముద్రించినదే తీసుకోవాలి. 100, 300 రకాలు అగ్నిప్రమాద నివారణకు ఉద్దేశించినవి. సింగిల్ ఫేజ్‌కు ధర రెండు వేల రూపాయలకు అటూ ఇటూగా ఉంటుంది. ఒక్క రేకు ఖరీదుతో పోల్చదగిన సొమ్ము. ట్రస్సును ఆకుపచ్చ తీగతో ఎర్తుకు కలిపి, ఆర్‌సీసీబీ కూడా పెట్టిన షెడ్డులో స్క్రూ ఫేజు తీగను తాకితే, పని ముగించి మెయిన్ వేసిన మరుక్షణం అది పడిపోతుంది. రేకుల పనివాడు ఊరు దాటకముందే లోపం బయటపడుతుంది. దానిపై ఉండే పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి చూడాలి. పడిపోయిన ఆర్‌సీసీబీని చిరాకుతో పక్కకు తప్పించి తీగలు నేరుగా కలిపే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది పడిపోవడమే హెచ్చరిక అని గ్రహించాలి.

రేకులు మార్చే రోజున

పాత షెడ్డులో పైపులు ఎక్కడ పోతున్నాయో కట్టినవానికే గుర్తుండదు. అందువల్ల రేకుల పని మొదలుపెట్టే ముందు కిందినుంచి సెల్‌ఫోనుతో ఫొటోలు తీసి పనివారికి చూపాలి. పైపు వెళ్లే వరుసను రేకు పైభాగాన సుద్దతో గీస్తే ఇంకా మంచిది. పని జరుగుతున్నంత సేపు మెయిన్ ఆపి, ఫ్యూజు క్యారియరు తీసి దగ్గర ఉంచుకోవాలి. లేకుంటే చీకటిగా ఉన్నదని లోపలివారు ఎవరో మెయిన్ వేయడం, పైన రేకు మీద కూర్చున్న మనిషి కింద పడటం జరుగుతుంది.

పని ముగిసిన తరువాత మెగ్గర్ అనే పరికరంతో పరీక్ష చేయించాలి. తీగలకు, ఎర్తుకు మధ్య 500 వోల్టులతో కొలిస్తే నిరోధం కనీసం ఒక మెగా ఓము రావాలి. తగ్గితే ఎక్కడో తొడుగు చిల్లు పడిందని అర్థం. ఈ పరీక్షకు పట్టే సమయం పది, పదిహేను నిమిషాలకు మించదు. లైసెన్సు ఉన్న విద్యుత్ కాంట్రాక్టరు చేత, పర్మిటు ఉన్న వైర్‌మన్ చేత పని చేయించాలన్నది నిబంధన. రేకులు బిగించేవానికే పనిలో పనిగా వైరింగు కూడా అప్పగించి నాలుగు వందలు మిగుల్చుకొనేవారు ఈ పరీక్షను ఎన్నడూ చూడరు.

షెడ్డును ముట్టుకొన్నప్పుడు చిమచిమలాడినా, పశువులు స్తంభం దగ్గరకు రావడానికి బెదిరినా ఆలస్యం చేయరాదు. మొదట మెయిన్ ఆపి, తరువాతనే కారణం వెదకాలి. మెయిన్ దగ్గరకు పోవడానికి వీలు లేకుంటే సరఫరా ఆపించేందుకు 1912 నంబరుకు ఫోను చేయవచ్చు. షాకు తగిలి అతుక్కుపోయిన మనిషిని చేత్తో లాగకూడదు. సరఫరా ఆపడం వీలుకాకపోతే పొడి కర్రతో విడదీసి, 108కి సమాచారం ఇవ్వాలి.

ఇప్పుడు సౌర ఫలకాలు

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పీఎం సూర్యఘర్ పథకాన్ని ప్రారంభించిన తరువాత ఇళ్లపైన సౌర ఫలకాల ఏర్పాటు పెరుగుతున్నది. మిద్దె లేనివారు రేకుల షెడ్డు మీదనే వాటిని బిగించుకొంటున్నారు. ఫలకాల పట్టీలను రేకు మీదుగా కింది కమ్మీకి స్క్రూలతో బిగిస్తారు. ఎన్నడూ స్క్రూ పడని వరుసల్లో సైతం ఇప్పుడు కొత్త రంధ్రాలు పడతాయి. ఫలకాల నుంచి ఇన్వర్టరు వరకు వచ్చే డీసీ తీగలు వందల వోల్టులతో ఉంటాయి. ఎండ ఉన్నంత సేపు మెయిన్ ఆపినా ఫలకాలలో విద్యుత్తు ఆగదు. ఇంటి ఆర్‌సీసీబీకి ఆ తీగలతో సంబంధం లేదు. కనుక ఫలకాలు బిగించడానికి వచ్చినవారు నిచ్చెన వేయకముందే, షెడ్డు లోపలికి తీసుకువెళ్లి పైపులు, బాక్సులు ఉన్న చోట్లు చూపించాలి. డీసీ తీగలను రేకు అడుగున అంటించక, విడి పైపులో, కమ్మీల కిందుగా లేదా గోడ వెలుపలి నుంచి దించమని కోరాలి. ఒప్పంద పత్రంలో ఫలకాల సంఖ్య, ఇన్వర్టరు సామర్థ్యం పక్కన ఈ ఒక్క వాక్యం కూడా రాయించుకోవచ్చు.